మా ఆవిడ ఏరిన కట్టెలు

మాంసానికి పొగ పట్టించి అమ్ముకునే పని మాది. మాది అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే మా ఆవిడది. నడుం పట్టేసి లారీ స్టీరింగు వదిలిన దగ్గర్నుంచి నేను ఆవిడ దగ్గర జీతం లేని పాలేరుని. పొట్టేలు మాంసాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా కోయడం, ఉప్పూ పసుపూ కారం పట్టించడం, ఇనప ఊచలకు గుచ్చి పొగగదిలో వేలాడదీయడం, ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. నాలాంటి మొద్దే నేర్చుకున్నాడు. కట్టె ఏరడం మాత్రం ఆవిడ ఒక్కదానికే తెలుసు. తెలుసు కాదు, తెలిసేది. ఇప్పటికీ నోరు జారి తెలుసనే అంటుంటాను.

ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ అవతల, సముద్రానికి దగ్గర్లో. ఆ దిగువ పల్లెల్లో వానాకాలం వచ్చిందంటే వారం పదిరోజులు ఎండ మొహం కనబడదు. ఇంట్లో పొట్టేలు కోసినప్పుడు మిగిలిన మాంసం ఎండబెట్టుకుందామంటే కుదిరేది కాదట. అందుకని పొయ్యి పైన దండెం కట్టి ముక్కలు దానికి వేలాడదీసేవారు. వండినంతసేపూ పొగ తగిలి అవి నల్లగా, గట్టిగా, నెలలపాటు నిలవుండేలా తయారయ్యేవి. దండెం మీద మాంసం ఉన్నన్నాళ్ళూ మా అత్తగారు పొయ్యిలో అడ్డమైన కట్టే పెట్టనిచ్చేది కాదు. కూతురి కళ్ళకు కొంగు చుట్టి, ఒక్కొక్క పుల్లా ముక్కు దగ్గర పెట్టి, ఇది ఏ కట్టో చెప్పు, చెప్పాకే అన్నం అనేదట. మా ఆవిడ ఆ కథ చెప్పినప్పుడల్లా, "మీ అమ్మ మనిషా పోలీసా?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. "ఆ పోలీసు వల్లే మీరీ పూట అన్నం తింటున్నారు" అనేది.

నిజమే మరి. నేను ఇంట్లో పడ్డాక మమ్మల్ని నిలబెట్టింది ఆ ముక్కే. చర్చిలో ఎవరింట్లోనో పెళ్ళికి నాలుగు కిలోలు చేసిచ్చింది. అక్కడ తిన్నవాళ్ళు అడిగారు, వాళ్ళను చూసి ఇంకొకళ్ళు అడిగారు. వన్ టౌన్ కొట్లలోని గుమాస్తాల దగ్గర్నుంచి మంగళగిరి టీచరమ్మ దాకా ఫోన్లు చేసి మరీ చేయించుకునేవాళ్ళు. ఇంటి వెనక ఇటుకలతో చిన్న పొగగది కట్టుకున్నాం.

కట్టెల కోసం మైలవరం రోడ్డులో ఉన్న అడితికి వెళ్ళేవాళ్ళం. ఆ కట్టెల అడితి ఒక ముసలి సాయిబు గారిది. గ్యాసు వచ్చి అడితులన్నీ మూతబడ్డా, హోటళ్ళ బిర్యానీ పొయ్యిల మీద ఆధారపడి ఆయనది ఇంకా నడుస్తోంది. మైలవరం చుట్టుపక్కల ముసలి మామిడి తోటలు కొట్టేసి ప్లాట్లు వేస్తుంటే ఆ కట్టంతా ఆయన దగ్గరికే వచ్చేది. మా ఆవిడ అడితిలో అడుగుపెట్టిందంటే అరపూట పోయినట్టే. ముందు చిన్న చెక్కు లేపి, గోటితో గీకి వాసన చూసేది. ఆ చెక్కునే అగ్గిపుల్లతో అంటించి, ఊది ఆర్పి, పైకి లేచే పొగకి అరచెయ్యి అడ్డం పెట్టేది. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడేది. చివరగా నాలిక చివరతో అరచేతిని తాకేది. "నాలిక చేదు ఒక్కటే చెబుతుందండీ. మిగతాదంతా ముక్కు చెప్పాల్సిందే" అనేది.

నాకు పాఠాలు కూడా చెప్పేది. "మామిడి ముసలిదవ్వాలి. కాపు ఉడిగిన చెట్టయితే మరీ మంచిది. పడుచు మామిడిలో సొన ఉంటుంది, గొంతు పట్టేస్తుంది. జామ చివర్లో పెట్టాలి, రంగు కోసం. చింత నిప్పులకే గానీ పొగకి పనికిరాదు. సర్కారు తుమ్మ ఘాటు, అది హోటలోళ్ళకి వదిలెయ్యండి. సుబాబుల్ కాగితాల మిల్లుకి పోవాల్సిందే, దానికి రుచీ పచీ లేదు. వేప సంగతి చెప్పక్కర్లేదు. గన్నేరు జోలికి మాత్రం పోకండి, అది విషం." నేను ఊఁ కొట్టి మర్చిపోయేవాణ్ణి. ఆవిడుండగా నాకెందుకు అనుకునేవాణ్ణి.

సాయిబు గారు కుర్చీలోంచి చూసి చూసి, "ఏమ్మా, కట్టె కొంటున్నావా, కోడల్ని ఏరుకుంటున్నావా?" అని నవ్వేవారు.

"కోడలైతే సర్దుకుపోవచ్చు సాయిబు గారూ. కట్టెతో సర్దుకోలేం" అనేది మా ఆవిడ, తల తిప్పకుండానే.

బుడమేరు పొంగిన ఏడాది మా వీధిలో నడుం లోతు నీళ్ళు. పక్కింటి డాబా మీద మూడు రోజులు ఉన్నాం. నీళ్ళు తీశాక ఇల్లంతా జానెడు బురద. ఆ బురద ఎత్తిపోసేసరికి వీధి వీధంతా జ్వరాలు. నాకు మూడు రోజుల్లో తగ్గింది. ఆవిడని పది రోజులు మంచం మీద పడేసింది. లేచాక బాగా చిక్కిపోయింది. కాఫీ ఇస్తే తాగింది. బాగుందా అంటే తలూపింది. చల్లారిన అన్నం పెట్టినా, వేడి కూర పెట్టినా ఒకేలా తిని లేచేది. జ్వరం పడి లేచిన మనిషి కదా, నోరు చేదుగా ఉంటుందిలే అనుకున్నాను. నా బుర్రకి అంతకన్నా తట్టలేదు.

ఆ తర్వాత మొదటిసారి అడితికి వెళ్ళాం. అక్కడ కూడా నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయట. పక్కనే లారీల షెడ్డు ఉంది. అందులోని డీజిలూ ఆయిలూ మురుగునీళ్ళతో కలిసి కట్టెల మధ్య నుంచే పారాయి. ఎండకి అన్నీ మళ్ళీ తెల్లగా ఎండిపోయాయి. కంటికి ఏ తేడా లేదు. సాయిబు గారు దాచలేదు. "కొన్ని నీళ్ళలో నానాయమ్మా, కొన్ని నానలేదు. కూలోళ్ళు అన్నీ కలిపేసి పేర్చారు. నీ ముక్కే దిక్కు" అన్నారు.

మా ఆవిడ చెక్కు లేపింది, అంటించింది, అరచెయ్యి పెట్టింది, కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది. అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. తర్వాత ఒక వరస చూపించి, "ఇవి బాగున్నాయి" అంది.

ఇంటికి తెచ్చి పొగగదిలో నిప్పు వేశాం. కాసేపటికి నాకే ఏదో తేడా కొట్టింది. చచ్చిన కాలవ వాసన, దాని వెనక డీజిలు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆ పొగంతా ఆవిడ మొహానికే తగులుతోంది. తాపీగా కట్టె ముందుకి తోస్తోంది.

"ఏమే, ఏదో వాసన" అన్నాను.

"కొత్తగా పెట్టిన కట్టె కదండీ, మొదట్లో అలాగే ఉంటుంది" అంది.

పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది, ఆవిడ నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. మర్నాడు సాయంత్రం ముక్కలు దించాక, ఆవిడ చూడకుండా ఒకటి నోట్లో వేసుకుని గోడ పక్కకెళ్ళి ఉమ్మేశాను. ఇచ్చొస్తానని చెప్పి మాంసమంతా ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళి, కాలవ గట్టు మీద గొయ్యి తీసి పూడ్చిపెట్టాను. అడిగినవాళ్ళకి వరదల వల్ల కుదరలేదని చెప్పాను. ఇంటికొచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమన్నారండీ?"

"బాగుందన్నారు."

అదే మొదటి అబద్ధం. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు రోజులు ఆగి, ఉండబట్టలేక అడిగాను. "నీకు వాసన తెలుస్తోందా?" అని. ఆవిడ గయ్యిమంది. "నా ముక్కుకేం వచ్చింది? ముక్కు లేనిది మీకు, బీడీలు కాల్చి కాల్చి" అంది. అరిచింది గానీ కళ్ళల్లో భయం కనబడింది. లారీ తోలినవాణ్ణి, బ్రేకు పడనివాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆవిడకి వాసన పోయింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలియకూడదనుకుంటోంది.

నేను నోరున్న మనిషిని. టోల్‌గేట్ల దగ్గర తగాదా పడ్డాను, చర్చిలో పెద్దలతో తగాదా పడ్డాను, తోడల్లుడితో పదేళ్ళు మాట్లాడలేదు. అరవాల్సినచోట అరిచాను, అక్కర్లేనిచోటా అరిచాను. ఆ ఒక్కరోజు మాత్రం పెద్దమనిషిలా ఊరుకున్నాను. ఆవిడ దగ్గర ఉన్న గొప్ప అదొక్కటే, దాన్ని నా నోటితో పోయిందని ఎలా చెప్పను అనుకున్నాను. అప్పుడే కూర్చోబెట్టి, పోయిందే, పోతే పోయింది, పద డాక్టరు దగ్గరికి అని ఉంటే ఎంత బాగుండేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానంటే నేనే.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి సాయిబు గారికి చెప్పాను. మైలవరం తోటలోనే ఏడాది ఎండిన మామిడి కట్టె వరదల తర్వాత కొత్తగా ఒక లోడు వచ్చింది, అది ఒక్క చుక్క కూడా నానలేదు, విడిగా పేర్చి ఉంది. మా ఆవిడ వచ్చి ఏవి ఏరినా సరే, నేను బండికి ఎత్తేటప్పుడు వాటి బదులు ఈ లోడులోవి వెయ్యాలి. అంతే నేను అడిగింది.

"ఇది మంచి పని కాదు తమ్ముడూ. చెప్పెయ్" అన్నారాయన.

"ఎలా చెప్పమంటారు సాయిబు గారూ?"

"ఎలాగోలా చెప్పు. ఆ అమ్మ గట్టిది, తట్టుకుంటుంది."

"ఆవిడ తట్టుకుంటుంది. నేనే చూడలేను" అన్నాను. అది మాత్రం నిజం.  ఆయన గడ్డం నిమురుకుని, కొత్త లోడు చూపించడానికి లేచారు.

ఇక అక్కణ్ణుంచి నాటకమే. ఆవిడ వచ్చేది, గీకేది, అంటించేది, అరచెయ్యి పెట్టేది, ఏరి పక్కన పెట్టించేది. మాంసం కోసుకోవాలని షేర్ ఆటో ఎక్కి ముందు వెళ్ళిపోయేది. ఆవిడ వెళ్ళాక ఆ కట్టెలన్నీ మళ్ళీ వాటి వరసలో పెట్టేసి, కొత్త లోడులోంచి నేనూ సాయిబు గారూ ఏరేవాళ్ళం. మా రెండు ముక్కులూ కలిపినా ఆవిడ పాత ముక్కులో సగం కాదు. అయినా నానని మామిడి నానని మామిడే కదా, మాంసం బాగానే వచ్చేది.

మంగళగిరి టీచరమ్మ ఒకసారి ఇంటికే వచ్చింది. "వదినా, ఈసారి అదిరిపోయింది. వరదల తర్వాత మీ చెయ్యి ఇంకా తిరిగింది" అంది. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. జ్వరం తర్వాత ఆ వెలుగు చూడ్డం అదే మొదలు. "నిజంగానా? నిజం చెప్పు" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ పిల్ల చెప్పింది నిజమే, అబద్ధమంతా నాది. ఆ సాయంత్రం ఆవిడ అంట్లు తోముతూ చర్చి పాట ఒకటి తీసింది. నేను అరుగు మీద కూర్చుని విన్నాను. ఇంత సుఖంగా ఉన్న మనిషిని చెడగొట్టమని ఏ దేవుడు చెబుతాడు అనుకున్నాను. నా తప్పు దేవుడి నెత్తిన రుద్దడం నాకు కొత్త కాదు.

ఆ రోజుల్లోనే ఇంకొకటి చూశాను, చూసి కూడా అర్థం చేసుకోలేదు. ఆవిడ పొద్దున్నే లేచి పెరటి మెట్ల మీద, నాకు వీపు చూపిస్తూ, తల వంచుకుని కూర్చునేది. పది నిమిషాలు, పావుగంట. ప్రార్థన చేసుకుంటోందనుకుని అటు వెళ్ళేవాణ్ణి కాదు. రెండు నెలలకి మెట్ల మీద కూర్చోవడం మానేసింది.

"ఏం, ప్రార్థన మానేశావ్?" అన్నాను నవ్వుతూ.

"అడిగింది దొరుకుతున్నట్టే ఉందండీ. ఇంక అంత అక్కర్లేదు" అంది. తను కూడా నవ్వింది.

మరుసటి ఎండాకాలం దాకా అలాగే నడిచింది. ఒకరోజు అడితిలో ఆవిడ ఎప్పుడూ వెళ్ళే మామిడి వరసల వైపు వెళ్ళలేదు. నేరుగా గోడవారకి వెళ్ళి నిలబడింది. అక్కడున్నవి వేప మొద్దులు. బెరడు గరుగ్గా పగుళ్ళు తేలి ఉంటుంది, లోపల ఎరుపు. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఒకదానికి ఎండిన వేపరెమ్మ కూడా అంటుకుని ఉంది. ఆవిడ చెక్కు లేపలేదు, అంటించలేదు, అరచెయ్యి పెట్టలేదు. "ఇవి" అంది.

సాయిబు గారు నా వైపు చూశారు.  ముక్కు పోయింది సరే, కళ్ళు కూడా ఇలా అయిపోయాయా, మతి ఏమన్నా తప్పుతోందా అనుకున్నాను. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. కనబడనివ్వలేదని అనుకున్నాను.

"భేష్. మంచి కట్టె పట్టావ్" అన్నాను.

"బాగుంటుందంటారా?" అంది, నా మొహంలోకే చూస్తూ.

"నువ్వు ఏరాక ఇంక తిరుగేముంది?"

ఆవిడ తలూపి షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను కట్టెల చాటుకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. సాయిబు గారు మామిడి కట్టెలు బండిలో వేయిస్తూ, "తమ్ముడూ, ఇవాళ ఆ అమ్మ చూపు నాకు నచ్చలేదు" అన్నారు. నాకు ఆ మాట వినే ఓపిక లేకపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనానికి కూర్చున్నాం. ఆ విడతలో చేసిన ముక్కలు కొన్ని మాకని ఉంచి, ఉల్లిపాయలతో వేయించింది. నాకు వడ్డించి, తనూ కూర్చుని, అన్నం కలపకుండా ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. ఇంకొకటి వేసుకుంది. అదీ నమిలింది.

"మొన్న నేను ఏరింది వేప" అంది.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మొత్తం వేపే. చూసే ఏరాను. కళ్ళు పోలేదుగా నాకు, ఇంటి దగ్గర బండిలోంచి దిగింది మామిడని కూడా చూశాను. నాలికా పోలేదు, చేదు తెలుస్తుంది. ఇందులో ఒక్క ముక్క చేదు లేదు."

 మింగలేను, కక్కలేను.

"పోయిన నెల ఏరినవాటిలో ఒకదానికి కొమ్మ విరిగి ఇంత గుంట ఉంది. ఇంటికొచ్చాక చూస్తే అది లేదు. దారిలో పడిపోయిందేమో అనుకున్నా. పడిపోతే ఒకటి తగ్గాలి కదా, లెక్క సరిగ్గానే ఉంది. అప్పణ్ణుంచి తొలుస్తోంది" అని, నీళ్ళు తాగింది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"వరదల తర్వాత నుంచి" అన్నాను.

"మొదటి నుంచీనా?"

"మొదటి విడత కాలవ గట్టు మీద పాతిపెట్టాను."

 అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. లేచి లోపలికి వెళ్ళి, బట్టల బీరువాలోంచి నాలుగు చిన్న స్టీలు డబ్బాలు తెచ్చి కంచాల పక్కన పెట్టింది. నేను మూతలు తీశాను. ఒకదాంట్లో మామిడి చెక్కులు, ఒకదాంట్లో జామ, ఒకదాంట్లో చింత, ఇంకోదాంట్లో వేప.

నెమ్మదిగా చెప్పింది. జ్వరం తగ్గిన వారానికే వాసన లేదని తెలిసిందట. నాతో జలుబని చెప్పి ముక్కు డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. ఆ డాక్టరమ్మ మందు చుక్కలు ఇచ్చి, బాగా తెలిసిన నాలుగు వాసనలు రోజూ పొద్దునా సాయంత్రం గట్టిగా తల్చుకుంటూ పీల్చమంది. మెదడుకి మళ్ళీ నేర్పాలట. కొందరికి వస్తుంది, కొందరికి రాదు, నెలకోసారి వచ్చి చూపించమంది. బాగా తెలిసిన వాసనలంటే ఆవిడకి కట్టెలే. పెరటి మెట్ల మీద కూర్చుని చేసింది ప్రార్థన కాదు.

"మరి మానేశావేం?" అన్నాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

"మాంసం బాగా వస్తోంది కదండీ" అంది. "ఏ వాసనా తెలియడం లేదు. అయినా నేను ఏరిన కట్టెతో బాగా వస్తోంది. అంటే ముక్కు లోపల్లోపల పని చేస్తోంది, నాకు ఇంకా పైకి తెలియడం లేదంతే అనుకున్నా. టీచరమ్మ అలా అన్న రోజు నిజంగానే కాస్త మామిడి వాసన తగిలినట్టనిపించింది. వస్తోంది, ఇంక అదే వచ్చేస్తుందిలే అని డబ్బాలు లోపల పెట్టేశాను. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు."

నేను ఏడ్చాను. ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"ఏడవకండి. మీరు ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకు ఓపిక లేదు" అంది.

ఆ వారంలోనే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పాత చీటీ చూసి, మధ్యలో ఇన్ని నెలలు ఎందుకు రాలేదని ఆ డాక్టరమ్మ అడిగింది. మా ఆవిడ నా వైపు చూడకుండా, "కుదరలేదండీ" అంది. మొదటి నెలల్లో వదలకుండా చేసి ఉంటే కొంత ఆశ ఉండేదేమో, ఇప్పుడు చెప్పలేం, అయినా మానకండి అంది డాక్టరమ్మ. రాదు అనలేదు. ఆ గొంతు వింటే మాకు అర్థమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను చుక్కలమందు నాలుగు సీసాలు కొన్నాను. బస్టాండు దాకా నడుస్తూ, "నన్ను తిట్టు" అన్నాను. "మిమ్మల్ని తిడితే నాకు వాసన వస్తుందా?" అంది. అంతకు మించి ఆ విషయం ఇప్పటివరకూ మాట్లాడలేదు.

పొద్దున్నే మెట్ల మీద మళ్ళీ కూర్చుంటోంది. ఇప్పుడు నా వైపు తిరిగే కూర్చుంటుంది, దాచడానికేముంది? డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మామిడిని తల్చుకుంటుంది. మూత పెట్టి ఇంకోటి తీస్తుంది. నేను కిటికీలోంచి ఆ మొహం చూస్తుంటాను. ఏదన్నా కదులుతుందేమో అని. ఏమన్నా తెలిసిందా అని అడగడం నెల రోజులకే మానేశాను.

పని మానేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. మానితే ఏం తింటాం అంది. ఇక నేనే కట్టె ఏరుతాను, నిజమే చెబుతాను, నీ మీద ఒట్టు అన్నాను. "సరే" అంది. కొత్త విడత కోసం మళ్ళీ అడితికి వెళ్ళాం. సాయిబు గారు లేచి నిలబడి, "అమ్మా, నేను కూడా తప్పు చేశాను" అన్నారు. "కూర్చోండి సాయిబు గారూ, కాళ్ళ నొప్పులన్నారుగా" అంది ఆవిడ. మామిడి వరస దగ్గరికి వెళ్ళి చెక్కు లేపి, అంటించి, ఆర్పింది. నేను గబగబా దగ్గరికి వెళ్ళి పొగ వాసన చూశాను. మంచి కట్టె. ప్రమాణపూర్తిగా మంచి కట్టె.

"బాగుంది" అన్నాను. "తియ్యగా ఉంది. బూజు లేదు, నీళ్ళ వాసన లేదు."

ఆవిడ విన్నది. చెక్కు ఇంకా చేతిలోనే ఉంది, సన్నగా పొగ వస్తోంది. పక్కన తుమ్మ కట్టెలు బేరమాడుతున్న ఒకామె ఉంది, ఇడ్లీ బండి పెట్టుకునే మనిషిట, మేం ఎప్పుడూ చూడలేదు. మా ఆవిడ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఏమీ అనుకోకు. నాకు వాసన తెలియదు. ఇది కాస్త చూసి చెబుతావా?"

ఆమె చెక్కు అందుకుని, చీర చెంగుతో కళ్ళకి పొగ తగలకుండా అడ్డం పెట్టుకుని, రెండుసార్లు పీల్చింది. "మామిడి కదండీ. కమ్మగా ఉంది" అంది. మా ఆవిడ ఇంకో మొద్దు నుంచి ఇంకో చెక్కు తీసి అంటించి ఇచ్చింది. అదీ చూసి, బాగుందంది. మూడోది ఇస్తుంటే ఆమెకి అనుమానం వచ్చి, నా వైపు చూసింది.

"మీ ఆయన పక్కనే ఉన్నారుగా? ఆయనక్కూడా తెలియదా?"

"ఆయనకి తెలుస్తుందమ్మా" అంది మా ఆవిడ, కోపమేమీ లేకుండా. "ఆయన అన్నీ బాగున్నాయనే అంటారు."

ఆమె బాగున్నాయన్న మొద్దులు ఒక్కొక్కటే ఎత్తి నేను ఆటోలో వేశాను.